ఆడిటర్‌ను నియమించేది ఎవరు? – ఇంగ్లండు స్థానిక ప్రభుత్వాల లెక్కల తనిఖీలో ప్రైవేటు అకౌంటింగ్ సంస్థల పాత్ర: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఇంగ్లండులో స్థానిక ప్రభుత్వాల లెక్కలను 19వ శతాబ్దం నడుమ నుంచి జిల్లా ఆడిటర్లు, ఎన్నికైన ఆడిటర్లు, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలు వేర్వేరు పాళ్ళలో తనిఖీ చేస్తూ వచ్చారు. 2012 తర్వాత ఆ పని పూర్తిగా ప్రైవేటు సంస్థల చేతికి వెళ్ళింది. దశాబ్దం తిరగకముందే ఆ వ్యవస్థ దాదాపు స్తంభించిపోయింది. ఈ పరిణామానికి ఆడిటర్ ప్రభుత్వోద్యోగా, ప్రైవేటు అకౌంటెంటా అన్న భేదం కన్నా అతని నియామకాధికారం ఎక్కడ ఉన్నదన్నదే ప్రధాన కారణమని ఈ వ్యాసం వాదిస్తుంది. అదే కోవలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తెలుగు రాష్ట్రాలకు సంక్రమించిన స్థానిక నిధుల ఆడిట్ సంప్రదాయాన్ని స్థూలంగా పరామర్శిస్తుంది.

కీలక పదాలు: స్థానిక ప్రభుత్వాలు, ఆడిట్, సర్‌ఛార్జి, ఆడిట్ కమిషన్, వెస్ట్‌మినిస్టర్, రెడ్మండ్ నివేదిక, స్టేట్ ఆడిట్.

ఉపోద్ఘాతం:
స్థానిక ప్రభుత్వాల చరిత్రను మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా ఎన్నికల చరిత్రగానో, వికేంద్రీకరణ సిద్ధాంతంగానో బోధిస్తున్నాము. పన్ను ఎలా వసూలైంది, ఎలా ఖర్చయింది, ఆ ఖర్చును ఎవరు ప్రశ్నించారు అన్న విషయాలు వాణిజ్యశాస్త్ర విభాగానికి చెందినవిగా మిగిలిపోయాయి. నిజానికి ఆడిటర్ కలం రాజకీయ చరిత్రను మలుపు తిప్పిన సందర్భాలు తక్కువేమీ కావు. ఇంగ్లండులో ఎన్నికైన కౌన్సిలర్లు ఆడిటర్ నిర్ణయం వల్ల సొంత ఆస్తులు పోగొట్టుకున్నారు, పదవులకు అనర్హులయ్యారు. ఆ అధికారాన్ని ఒక దశలో ప్రభుత్వోద్యోగి వినియోగిస్తే, మరో దశలో లండన్‌లోని ఒక అకౌంటింగ్ సంస్థ భాగస్వామి వినియోగించాడు. ఈ రెండు దశలనూ పక్కపక్కన పెట్టి చూడడం, ఆ తర్వాత వచ్చిన పతనానికి కారణాలు వెదకడం ఈ వ్యాస లక్ష్యం.

జిల్లా ఆడిటర్ పుట్టుక:
1601 నాటి పేదల చట్టం ప్రకారం ప్రతి పారిష్‌లోని పర్యవేక్షకులు ఏడాది చివర తమ జమాఖర్చులను ఇద్దరు న్యాయాధికారులకు ఒప్పజెప్పాలి. ఆ న్యాయాధికారులు స్థానిక భూస్వాములే కావడం వల్ల, పన్ను చెల్లించేవారూ లెక్క చూసేవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చొనేవారు. 1834లో పేదల చట్టాన్ని సవరించి పారిష్‌లను యూనియన్లుగా కలిపినప్పుడు ఖర్చు పెరిగింది, లెక్క క్లిష్టమైంది. దాంతో 1844 చట్టం అనేక యూనియన్లను కలిపి ఒక ఆడిట్ జిల్లాగా ఏర్పరచి, దానికి జిల్లా ఆడిటర్‌ను ఇచ్చింది.

ఆ చట్టం ఆడిటర్‌కు రెండు ఆయుధాలు అందించింది. చట్టవిరుద్ధంగా ఖర్చయిన పద్దును తిరస్కరించడం మొదటిది. ఆ సొమ్మును దానికి బాధ్యులైన వ్యక్తుల నుంచి వసూలు చేసేలా సర్‌ఛార్జి విధించడం రెండవది. నష్టపోయిన వ్యక్తి క్వీన్స్ బెంచ్ న్యాయస్థానానికి గాని, లండన్‌లోని పేదల చట్ట కమిషనర్లకు గాని మొరపెట్టుకోవచ్చు. అంటే ఆడిటర్ ఇక్కడ కేవలం లెక్క చూసేవాడు కాడు, మొదటి మెట్టు న్యాయనిర్ణేత కూడా.

ఇంత అధికారమున్న మనిషిని ఎంపిక చేసినది మాత్రం, తొలి రోజుల్లో, యూనియన్ల పాలకమండలుల అధ్యక్ష ఉపాధ్యక్షులే. ఎవరి లెక్క చూడాలో వారే అతణ్ణి ఎన్నుకొనేవారు. ఈ వైరుధ్యాన్ని చట్టం గుర్తించడానికి పాతికేళ్ళు పట్టింది. 1868లో నియామకాధికారాన్ని కేంద్రంలోని పేదల చట్ట బోర్డుకు బదలాయించారు. 1879 చట్టంతో జిల్లా ఆడిటర్ జీతం కేంద్రం ఇచ్చేదైంది. ఆడిట్ అయ్యే సంస్థలు స్టాంపు సుంకం రూపంలో దాని ఖర్చు చెల్లించేవి. 1888లో ఏర్పడిన కౌంటీ కౌన్సిళ్ళు కూడా ఈ ఆడిట్ పరిధిలోకే వచ్చాయి.

పట్టణాల ప్రత్యేక మార్గం:
పాత హక్కుపత్రాలున్న బరో పట్టణాలు మాత్రం జిల్లా ఆడిటర్‌ను తమ గడప తొక్కనివ్వలేదు. 1882 పురపాలక చట్టం ప్రకారం ప్రతి బరోకు ముగ్గురు ఆడిటర్లుంటారు. ఇద్దరిని పౌరులు ఎన్నుకొంటారు, ఒకరిని మేయర్ కౌన్సిల్ సభ్యుల నుంచే నియమిస్తాడు. ప్రజాస్వామ్య దృష్టితో చూస్తే ఇది ఆకర్షణీయమైన ఏర్పాటే. ఆచరణలో ఆ ఎన్నికకు ఓటు వేయడానికి వచ్చేవారే అరుదు. ఎన్నికైన వ్యక్తికి లెక్కలు తెలిసి ఉండాలన్న నియమం లేదు. పద్దును తిరస్కరించే అధికారం కూడా లేదు.

ఈ ఖాళీలోకే వృత్తి అకౌంటెంట్లు ప్రవేశించారు. ఇంగ్లండు, వేల్స్‌ల చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు 1880లో రాజశాసనం లభించింది. 1885లో పురపాలక కోశాధికారుల సంఘం ఏర్పడింది. నేటి సిప్ఫాకు అదే మూలం. నీటి సరఫరా, గ్యాస్, ట్రాము మార్గాలు నడుపుతూ వ్యాపార సంస్థల స్థాయికి చేరిన పెద్ద నగరాలు ఎన్నికైన ఆడిటర్లతో సరిపెట్టుకోలేక, ప్రత్యేక చట్టాల ద్వారా వృత్తి అకౌంటెంట్లను నియమించుకొన్నాయి. 1933 స్థానిక ప్రభుత్వ చట్టం ఈ అలవాటును సాధారణ నియమంగా మార్చి, ఎన్నిక ఆడిట్ నుంచి జిల్లా ఆడిట్‌కు గాని, వృత్తి అకౌంటెంట్ల ఆడిట్‌కు గాని మారే వెసులుబాటును బరోలకు కల్పించింది. ప్రైవేటు సంస్థలు ఈ రంగంలోకి 1980లలోనే వచ్చాయన్న అభిప్రాయం విస్తృతంగా వినిపిస్తుంది కనుక ఈ వివరాన్ని నొక్కి చెప్పవలసి వస్తున్నది. అయితే ఆ రోజుల్లో బరోకు చెందిన అకౌంటెంటుకూ, జిల్లా ఆడిటర్‌కూ మధ్య ఒక తేడా ఉన్నది. మొదటివాణ్ణి కౌన్సిల్ స్వయంగా ఎంచుకొంటుంది, పైగా అతనికి సర్‌ఛార్జి అధికారం లేదు.

పోప్లర్ పాఠం:
జిల్లా ఆడిటర్ నిష్పక్షపాతి అని, ప్రైవేటు అకౌంటెంటు మాత్రమే సందేహాస్పదుడని భావిస్తే పోప్లర్ ఉదంతం ఆ భావనను సవరిస్తుంది. తూర్పు లండన్‌లోని ఈ పేద బరో 1921లో లండన్ కౌంటీకి చెల్లించవలసిన పన్నును చెల్లించడానికి నిరాకరించింది. జార్జ్ లాన్స్‌బరీతో సహా 30 మంది కౌన్సిలర్లు జైలుకు వెళ్ళారు. అదే కౌన్సిల్ తన కార్మికులలో స్త్రీ పురుష భేదం లేకుండా ప్రతి ఒక్కరికీ వారానికి కనీసం 4 పౌండ్ల వేతనం నిర్ణయించింది. యుద్ధానంతరం ధరలు తగ్గినా వేతనాన్ని తగ్గించలేదు. జిల్లా ఆడిటర్ కార్సన్ రాబర్ట్స్ ఆ వేతనాలు మితిమీరినవని తేల్చి, 5,000 పౌండ్లు తిరస్కరించి, కౌన్సిలర్లపై సర్‌ఛార్జి విధించాడు. అప్పీలు న్యాయస్థానం కౌన్సిల్ పక్షాన నిలిచినా, 1925లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆడిటర్‌నే సమర్థించింది. సమాన వేతనమన్న ఆలోచననే ఆ తీర్పులో ఒక న్యాయమూర్తి వింత సిద్ధాంతంగా పరిగణించాడు. 1927లో వచ్చిన చట్టం 500 పౌండ్లకు మించి సర్‌ఛార్జికి గురైన సభ్యుణ్ణి ఐదేళ్ళపాటు పదవికి అనర్హుణ్ణి చేసింది.

ఇక్కడ ఆడిటర్ లంచాన్నో, దొంగలెక్కనో పట్టుకోలేదు. ఎన్నికైన ప్రతినిధుల విధానాన్ని తన సహేతుకత తూకంలో తూచాడు. ఆ తూకపురాళ్ళు ఆనాటి మధ్యతరగతి దృష్టికోణంతో చేసినవి. 1972 గృహవసతి చట్టం ప్రకారం అద్దెలు పెంచడానికి నిరాకరించిన క్లే క్రాస్ పట్టణంలోని 11 మంది కౌన్సిలర్లు, 1985లో పన్ను నిర్ణయాన్ని ఆలస్యం చేసిన లివర్‌పూల్ కౌన్సిలర్లు ఇదే దారిలో శిక్షితులయ్యారు. లివర్‌పూల్‌లో 47 మందిపై పడిన సర్‌ఛార్జి 1,06,103 పౌండ్లు. 1987లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని ఖాయపరచింది. ఈ కేసులన్నీ లేబర్ పార్టీ కౌన్సిళ్ళకు సంబంధించినవి కావడం వల్ల, సర్‌ఛార్జి అంటే కేంద్రం చేతిలోని కొరడా అన్న అభిప్రాయం ఆ పార్టీ శ్రేణుల్లో బలపడింది. ఆ అభిప్రాయం నిరాధారమైనదని అనలేము.

1983: కమిషన్ నియమించిన ఆడిటర్లు:
1972 స్థానిక ప్రభుత్వ చట్టం ఎన్నిక ఆడిట్‌ను రద్దు చేసి, జిల్లా ఆడిటర్‌నో, ప్రభుత్వ ఆమోదం పొందిన ప్రైవేటు ఆడిటర్‌నో ఎంచుకొనే స్వేచ్ఛను కౌన్సిళ్ళకే ఇచ్చింది. ఎక్కువ కౌన్సిళ్ళు జిల్లా ఆడిట్‌నే ఎంచుకొన్నాయి. తన తనిఖీదారును తానే ఎంచుకొనే ఈ పద్ధతిని 1976లో లేఫీల్డ్ కమిటీ తప్పుపట్టింది. కౌన్సిళ్ళకూ, కేంద్ర ప్రభుత్వానికీ సమాన దూరంలో ఉండే నియామక వ్యవస్థ కావాలని సూచించింది.

ఆ సూచన 1982 స్థానిక ప్రభుత్వ ఆర్థిక చట్టంతో కొంత మారిన రూపంలో అమలైంది. మైకేల్ హెసెల్టైన్ చొరవతో ఏర్పడిన ఆడిట్ కమిషన్ 1983 ఏప్రిల్‌లో పని ప్రారంభించింది. మెకిన్సే సంస్థ నుంచి వచ్చిన జాన్ బానమ్ దాని తొలి కంట్రోలర్. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రతి కౌన్సిల్‌కు ఆడిటర్‌ను ఇకపై కమిషనే నియమిస్తుంది. కౌన్సిల్‌ను సంప్రదిస్తుంది గాని, ఎంపిక దానికి వదలదు. కౌన్సిల్ ఫీజు చెల్లిస్తుంది, ఆడిటర్‌ను తొలగించలేదు. ఈ నియామకాల్లో సుమారు 70 శాతం జిల్లా ఆడిట్ సర్వీసుకు, 30 శాతం ప్రైవేటు సంస్థలకు దక్కాయి. రెండు వర్గాలకూ ఒకే నియమావళి, ఒకే అధికారాలు. సర్‌ఛార్జి సంబంధిత అధికారం ప్రైవేటు సంస్థ భాగస్వామికి కూడా సంక్రమించడం ఇక్కడి కొత్తదనం.

ఈ 70, 30 పాళ్ళ అమరికను చరిత్రకారులు తరచు పరిపాలనా వివరంగా దాటిపోతారు. నా దృష్టిలో ఈ వ్యవస్థ బలమంతా అందులోనే ఉన్నది. ప్రైవేటు సంస్థల ఫీజును జిల్లా ఆడిట్ ఖర్చుతో పోల్చే వీలుండేది. జిల్లా ఆడిట్ నాణ్యతను ప్రైవేటు సంస్థల పనితో పోల్చే వీలుండేది. ఏదైనా సంస్థ పని మానుకొంటే దాన్ని అందుకోగల సిబ్బంది కమిషన్ చేతిలో ఉండేవారు.

ఈ వ్యవస్థకు తొలి పెద్ద పరీక్ష హామర్‌స్మిత్ అండ్ ఫుల్హామ్ కౌన్సిల్‌లో ఎదురైంది. వడ్డీరేట్ల మార్పిడి ఒప్పందాలలో ఆ కౌన్సిల్ దిగి, 592 ఒప్పందాలు కుదుర్చుకొన్నది. వాటి నామమాత్రపు అసలు మొత్తం 600 కోట్ల పౌండ్లు దాటింది. కౌన్సిల్ అసలు అప్పు 39 కోట్ల పౌండ్లు మాత్రమే. అంటే ఉన్న అప్పుకు రక్షణ కోసం కాక, వడ్డీరేట్లపై పందెం కోసమే ఈ ఒప్పందాలు జరిగాయి. జిల్లా ఆడిటర్ ఆంథొనీ హాజెల్ న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 1991 జనవరిలో హౌస్ ఆఫ్ లార్డ్స్ అవి కౌన్సిల్ అధికార పరిధికి బయటివని, చెల్లవని తీర్పునిచ్చింది. నష్టపోయినవి బ్యాంకులు. స్థానిక ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొనే ముందు దాని చట్టపరిధిని చదవాలన్న సంగతి లండన్ ఆర్థిక మార్కెట్టుకు అప్పుడు బోధపడింది.

వెస్ట్‌మినిస్టర్ కేసు:
ప్రైవేటు అకౌంటింగ్ సంస్థ ఆడిటర్‌గా ఎంత దూరం వెళ్ళగలదో తేల్చిన కేసు వెస్ట్‌మినిస్టర్‌ది. 1986 ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ అక్కడ స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కింది. నాయకురాలు షర్లీ పోర్టర్, ఆమె సహచరులు పోటీ తీవ్రంగా ఉన్న 8 కీలక వార్డులను గుర్తించారు. కౌన్సిల్ ఫ్లాట్లు ఖాళీ అయినప్పుడు ఇల్లు లేనివారికి కేటాయించకుండా, తమకు ఓటు వేయగల కొనుగోలుదారులకు అమ్మాలన్నది పథకం. ఏటా 500 అమ్మకాలు, అందులో 250 ఆ 8 వార్డుల్లో జరగాలన్నది లక్ష్యం. ఓటర్ల కూర్పును మార్చడానికి ప్రజల ఆస్తిని వాడుకోవడమిది. పత్రాల్లో మాత్రం దీనికి స్థిరమైన సమాజాల నిర్మాణం అన్న గౌరవప్రదమైన పేరు పెట్టారు.

1989లో ఒక టెలివిజన్ కార్యక్రమం విషయాన్ని బయటపెట్టింది. స్థానిక ఓటర్లు ఆడిటర్ ముందు అభ్యంతరం దాఖలు చేశారు. ఈ అభ్యంతర హక్కు ఇంగ్లండు ఆడిట్ చట్టంలోని విశిష్టమైన అంశం. పద్దులు చూడడానికి, ఆడిటర్‌ను ప్రశ్నించడానికి, అభ్యంతరం చెప్పడానికి సాధారణ ఓటరుకు అవకాశముంది. అభ్యంతరం వస్తే ఆడిటర్ దాన్ని పరిశీలించక తప్పదు.

వెస్ట్‌మినిస్టర్‌కు కమిషన్ నియమించిన ఆడిటర్ జాన్ మాగిల్. అతడు టూష్ రాస్ సంస్థలో భాగస్వామి. ఆ సంస్థ తర్వాత విలీనమై డెలాయిట్ అండ్ టూష్‌గా మారింది. ఏళ్ళ తరబడి పత్రాలు సేకరించి, సాక్షులను విచారించి, 1994 జనవరిలో తాత్కాలిక నిర్ణయాలను పత్రికా సమావేశంలో వెల్లడించాడు. 1996 మే నెలలో తుది నిర్ణయం ఇస్తూ, పోర్టర్‌తో సహా ఆరుగురిపై సుమారు 3.16 కోట్ల పౌండ్ల సర్‌ఛార్జి విధించాడు. 1997లో డివిజనల్ కోర్టు పోర్టర్, ఉపనాయకుడు డేవిడ్ వీక్స్ ఇద్దరి విషయంలో, మొత్తాన్ని కొంత తగ్గించి, నిర్ణయాన్ని సమర్థించింది. 1999లో అప్పీలు న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. 2001 డిసెంబరు 13న హౌస్ ఆఫ్ లార్డ్స్ సర్‌ఛార్జిని పునరుద్ధరించింది. చివరకు 2004లో 1.23 కోట్ల పౌండ్లకు రాజీ కుదిరింది.

పోర్టర్ తరఫు వాదనల్లో ఒకటి ఈ వ్యాసానికి ముఖ్యమైనది. పరిశోధించినవాడే, నేరం మోపినవాడే, తీర్పు చెప్పినవాడే ఒకడైతే న్యాయమెక్కడిదని ఆమె న్యాయవాదులు ప్రశ్నించారు. పత్రికా సమావేశం ఆడిటర్ పక్షపాతానికి నిదర్శనమన్నారు. లార్డ్స్ ఈ వాదనను అంగీకరించలేదు. వాస్తవాలు తెలిసిన, న్యాయబుద్ధిగల పరిశీలకుడికి పక్షపాతం జరిగే నిజమైన అవకాశం కనిపిస్తుందా అన్న పరీక్షను ఆ తీర్పు స్థిరపరచింది. ఆ పరీక్ష నేటికీ కామన్‌వెల్త్ దేశాల న్యాయస్థానాల్లో ప్రస్తావనకు వస్తూనే ఉన్నది. ప్రజాప్రతినిధికి దక్కిన అధికారం ప్రజల తరఫున ధరించిన ధర్మకర్తృత్వమని, పార్టీ లాభానికి వాడితే అది దుర్వినియోగమని తీర్పు స్పష్టం చేసింది.

పోప్లర్, వెస్ట్‌మినిస్టర్ రెండింటిలోనూ ఆయుధం ఒకటే. పోప్లర్‌లో ప్రభుత్వ ఆడిటర్ పేదల పక్షాన ఉన్న విధానాన్ని దండించాడు. వెస్ట్‌మినిస్టర్‌లో ప్రైవేటు సంస్థ భాగస్వామి, దేశంలో అధికారంలో ఉన్న పార్టీకి చెందిన సంపన్న కౌన్సిల్‌ను ఎదిరించాడు. పెద్ద అకౌంటింగ్ సంస్థకు ప్రభుత్వంతోనూ, నగరంలోని వ్యాపారవర్గంతోనూ ఎన్నో అవసరాలుంటాయి. అలాంటి సంస్థలోని వ్యక్తి ఏడేళ్ళు వెనుకంజ వేయకపోవడానికి వ్యక్తిగత పట్టుదల ఒక కారణమే. అయితే వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ అతణ్ణి మార్చగలిగి ఉంటే ఆ పట్టుదల ఎంతకాలం నిలిచేదో ఊహించడం కష్టం కాదు. నియామకం కమిషన్‌ది కనుక అతడు నిలబడ్డాడు.

విచిత్రమేమంటే, ఈ విజయం వెలువడే నాటికే ఆయుధాన్ని తీసివేశారు. 2000 స్థానిక ప్రభుత్వ చట్టం సర్‌ఛార్జిని రద్దుచేసి, ప్రవర్తనా నియమావళిని దాని స్థానంలో ఉంచింది. పోప్లర్ నుంచి లివర్‌పూల్ దాకా లేబర్ పార్టీకున్న చేదు జ్ఞాపకాలు ఈ నిర్ణయం వెనుక ఉండకపోవు.

2010 తర్వాత:
2010 ఆగస్టులో మంత్రి ఎరిక్ పికిల్స్ ఆడిట్ కమిషన్‌ను రద్దు చేస్తున్నట్లు ప్రకటించాడు. కమిషన్‌పై విమర్శలు లేకపోలేదు. 2000ల నుంచి అది లెక్కల తనిఖీకి మించి కౌన్సిళ్ళకు మార్కులు వేసే సంస్థగా పెరిగింది. ఆ మార్కుల కోసం పత్రాలు తయారుచేయడమే కౌన్సిల్ ఉద్యోగులకు పెద్ద పనిగా మారింది. న్యాక్ సందర్శనకు ముందు నెలల్లో మన కళాశాలల పరిస్థితి ఎరిగినవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు. అయితే మార్కుల పద్ధతిని తొలగించడం వేరు, ఆడిటర్ల నియామక వ్యవస్థను తొలగించడం వేరు. ప్రభుత్వం రెండింటినీ ఒకే వేటుతో కొట్టింది.

2012లో కమిషన్ సొంత ఆడిట్ విభాగాన్ని ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. గ్రాంట్ థార్న్‌టన్, కేపీఎంజీ, ఎర్నెస్ట్ అండ్ యంగ్ ప్రధాన లబ్ధిదారులు. ఫీజులు ఒక్కసారిగా 40 శాతం తగ్గాయి. 1844 నుంచి కొనసాగిన ప్రభుత్వ ఆడిట్ సర్వీసు అలా ముగిసింది. 2014 స్థానిక ఆడిట్, జవాబుదారీ చట్టం కౌన్సిళ్ళకు తమ ఆడిటర్‌ను తామే నియమించుకొనే హక్కు ఇచ్చింది. 2015 మార్చి 31న కమిషన్ మూతపడింది. ఆసక్తికరమైన విషయమేమంటే, ఆ హక్కును కౌన్సిళ్ళు దాదాపుగా వాడుకోలేదు. 98 శాతం సంస్థలు స్థానిక ప్రభుత్వాల సంఘానికి చెందిన పీఎస్‌ఏఏ అనే కంపెనీకే నియామక బాధ్యత అప్పగించాయి. ఆ కంపెనీ 2018–19 నుంచి ఐదేళ్ళకు కుదుర్చుకొన్న ఒప్పందాలతో ఫీజులు మరో 23 శాతం తగ్గాయి. గ్రాంట్ థార్న్‌టన్‌కు 40 శాతం, ఎర్నెస్ట్ అండ్ యంగ్‌కు 30 శాతం పని దక్కింది. కేపీఎంజీకి ఏమీ దక్కలేదు. పైకి చూస్తే కేంద్రీకృత నియామకం మిగిలే ఉన్నది. కాని ఆ కంపెనీకి సొంత ఆడిటర్లు లేరు, నాణ్యతను నిర్దేశించే అధికారం లేదు. నియమావళి జాతీయ ఆడిట్ కార్యాలయానిది, పర్యవేక్షణ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ కౌన్సిల్‌ది, ఒప్పందం మాత్రమే పీఎస్‌ఏఏది.

అదే సమయంలో మరో మూడు ఒత్తిడులు కలిశాయి. ఆడిట్ పూర్తి చేయవలసిన గడువును సెప్టెంబరు 30 నుంచి జులై 31కి ముందుకు జరిపారు. కేంద్ర నిధుల కోతతో కౌన్సిళ్ళలో లెక్కలు తయారుచేసే సిబ్బంది తగ్గారు. 2018లో కారిలియన్ కంపెనీ కుప్పకూలాక నియంత్రణ సంస్థ ఆడిటర్లపై కఠినమైంది. ఆ కఠినత్వం కంపెనీల ఆడిట్‌కు తగిన రూపంలోనే కౌన్సిళ్ళ మీదా పడింది. ఆస్తుల విలువ, పింఛను బాధ్యతల అంచనా సరిగా ఉన్నదా అన్న ప్రశ్న ఆడిటర్ల కాలాన్ని మింగివేసింది. రోడ్లు, వంతెనల పుస్తక విలువను ఎలా చూపాలన్న వివాదమే ఎన్నో కౌన్సిళ్ళ లెక్కలను నెలల తరబడి ఆపివేసింది. చివరకు 2022లో ప్రభుత్వం ప్రత్యేక నిబంధనతో దాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. ఎవరూ అమ్మబోని రోడ్డు విలువ గురించి ఇంత చర్చ జరుగుతున్న కాలంలోనే కొన్ని కౌన్సిళ్ళు దుకాణ సముదాయాలలో, సౌరవిద్యుత్ పెట్టుబడులలో కోట్ల పౌండ్ల అప్పు సొమ్ము కుమ్మరిస్తున్నాయి.

ఫలితాలు వరుసగా వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో నార్తాంప్టన్‌షైర్ కౌంటీ తన ఆర్థిక అధికారి ద్వారా, ఇక ఖర్చు చేయలేమన్న సెక్షన్ 114 నోటీసు ఇచ్చుకొన్నది. ఆడిటర్ కేపీఎంజీ కూడా ఆ నెలలోనే బడ్జెట్‌పై హెచ్చరిక నోటీసు జారీచేసింది. 2020 అక్టోబరులో క్రాయిడన్‌పై గ్రాంట్ థార్న్‌టన్ ప్రజాప్రయోజన నివేదిక ఇచ్చింది. సొంత గృహనిర్మాణ కంపెనీకి దాదాపు 20 కోట్ల పౌండ్ల రుణాలిచ్చి రాబడి చూడని కౌన్సిల్ అది. మరుసటి నెలలోనే సెక్షన్ 114 నోటీసు వచ్చింది. 2022 డిసెంబరులో థరాక్ సుమారు 47 కోట్ల పౌండ్ల లోటు ప్రకటించింది. 2023లో వోకింగ్, ఆ తర్వాత బర్మింగ్‌హామ్ వంతు వచ్చింది. ఆడిటర్లు అసలు నోరు మెదపలేదని అనడం అన్యాయం. క్రాయిడన్ నివేదిక నిష్కర్షగానే ఉన్నది. కాని దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత ఇక్కడ గుర్తుకు రాక మానదు.

సర్ టోనీ రెడ్మండ్ 2020 సెప్టెంబరులో ఇచ్చిన సమీక్షా నివేదిక ఈ జాప్యాన్ని అంకెల్లో చూపింది. 2018–19 ఆడిట్లలో 40 శాతం గడువు దాటాయి. ఫీజులు చాలవని, అనుభవజ్ఞులైన స్థానిక ప్రభుత్వ ఆడిటర్లు కరవవుతున్నారని, మొత్తం వ్యవస్థకు బాధ్యత వహించే సంస్థ ఒక్కటీ లేదని ఆయన తేల్చాడు. కొత్త సంస్థ కావాలన్న ఆయన ప్రధాన సూచనను ప్రభుత్వం అంగీకరించలేదు. 2020–21లో గడువులోపు పూర్తయినవి 9 శాతం, 2022–23లో కేవలం 1 శాతం. 2023 సెప్టెంబరు చివరికి పేరుకొన్న ఆడిట్ అభిప్రాయాల సంఖ్య 918కి చేరింది.

దీనికి ప్రభుత్వం కనుగొన్న మార్గం చరిత్రలో అరుదైనది. 2022–23 వరకు మిగిలిపోయిన లెక్కలన్నీ 2024 డిసెంబరు 13 లోపు, ఆడిట్ పూర్తయినా కాకపోయినా, ముగించాలని చట్టం చేసింది. పూర్తికాని చోట ఆడిటర్ అభిప్రాయం చెప్పలేనని రాసి సంతకం చేస్తాడు. వందలాది లెక్కలు ఆ విధంగానే ముగిశాయి. బ్రిటన్ మొత్తం ప్రభుత్వ లెక్కలపై అభిప్రాయం చెప్పలేనని 2024లో జాతీయ ఆడిటర్ ప్రకటించడానికీ స్థానిక లెక్కల లేమే కారణం. అంతకు ముందెన్నడూ అలా జరగలేదు. అదే డిసెంబరులో కొత్త ప్రభుత్వం స్థానిక ఆడిట్ కార్యాలయం ఏర్పాటును ప్రకటించింది. ఆడిటర్లను నియమించడం, నియమావళి రూపొందించడం, నాణ్యతను పర్యవేక్షించడం, అవసరమైతే సొంత సిబ్బందితో కొంత ఆడిట్ చేయడం దాని బాధ్యతలు. 2010లో కూలగొట్టిన ఇంటి పునాది కొలతలే ఇవి.

మద్రాసు నుంచి తెలుగు నేల వరకు:
తిరస్కరణ, సర్‌ఛార్జి అనే జంట పదాలు వలస పాలనతో మన నేలకూ వచ్చాయి. 1882 రిప్పన్ తీర్మానం తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 స్థానిక బోర్డుల, జిల్లా పురపాలక చట్టాలు అమలైనాయి. స్థానిక నిధుల లెక్కల పరీక్షాధికారి ఆధ్వర్యంలో ప్రభుత్వ ఆడిటర్లు తాలూకా బోర్డుల, మున్సిపాలిటీల పద్దులు చూసేవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ శాఖకు 1989 స్టేట్ ఆడిట్ చట్టం కొత్త చట్టబద్ధత కల్పించింది. సర్‌ఛార్జి అధికారం అందులోనూ ఉన్నది. ఇంగ్లండు 2000లో వదిలేసిన ఆయుధం ఇక్కడ ఇంకా చట్టపుస్తకంలో ఉన్నదన్నమాట. విశ్వవిద్యాలయాల లెక్కలు చూసేది కూడా ఇదే శాఖ కనుక, ఆడిట్ అభ్యంతరం అన్న మాట ఈ వ్యాస పాఠకులకు కొత్త కాదు.

మన దగ్గర చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలు వేరే వాకిలి నుంచి ప్రవేశించాయి. 2004 జాతీయ పురపాలక లెక్కల మాన్యువల్, 2005 తర్వాతి జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎమ్ సంస్కరణలు నగదు పద్దు స్థానంలో జంట పద్దు, సముపార్జన పద్ధతిని కోరాయి. మున్సిపాలిటీల్లో అందుకు తగిన సిబ్బంది లేక, ప్రారంభ ఆస్తి అప్పుల పట్టీలు తయారుచేయడానికి ప్రైవేటు సంస్థలను పెట్టుకొన్నారు. అంటే ఇక్కడ ప్రైవేటు సంస్థ పుస్తకం రాస్తే, ప్రభుత్వ శాఖ తనిఖీ చేస్తుంది. ఇంగ్లండులో వరుస తలకిందులు. రాజ్యాంగంలోని 243జె, 243జెడ్ అధికరణాలు ఈ ఆడిట్ ఎవరు చేయాలో చెప్పకుండా శాసనసభలకు వదిలాయి. పదకొండవ ఆర్థిక సంఘం సిఫారసుతో కాగ్ సాంకేతిక మార్గదర్శకత్వం తోడైంది. పదిహేనవ ఆర్థిక సంఘం ఆడిట్ అయిన లెక్కలను ఆన్‌లైన్‌లో పెట్టడాన్ని నిధులకు ముందు షరతుగా చేసింది. గడువు ఒత్తిడి అలా మనకూ మొదలైంది.

స్టేట్ ఆడిట్ సంచాలకుణ్ణి నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, ఆ శాఖ ఆర్థిక శాఖ పరిధిలోనిది. 1868 తర్వాతి ఇంగ్లండు జిల్లా ఆడిటర్ స్థితికి ఇది దగ్గరగా ఉన్నది. కౌన్సిల్ నుంచి దూరం ఉన్నది, పై ప్రభుత్వం నుంచి దూరం లేదు. ఓటరు అభ్యంతర హక్కుకు దగ్గరగా మనకున్నది 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 6వ సెక్షన్. వార్షిక లెక్కలను, ఆడిట్ నివేదికను గ్రామసభ ముందు ఉంచాలని అది చెబుతుంది. ఆ సభల్లో నివేదిక నిజంగా చదివారా, ఎవరైనా లేచి అడిగారా, అడిగితే సర్పంచ్ ఏమన్నాడు అన్న సంగతులు గ్రామ పంచాయతీల తీర్మాన పుస్తకాల్లో చూడవచ్చు. ఒక్క మండలంలోని పుస్తకాలను 1995 నుంచి వరుసగా చదివినా ఒక సిద్ధాంత గ్రంథానికి సరిపడే సామగ్రి దొరుకుతుంది.